నిలువు జంప్ – 4వ పాఠం: బ్రేకు ఎక్కడ పడుతోంది?

కిందటి పాఠంలో మీ జంప్‌ను ఫోనులో స్లో మోషన్‌లో తీయమన్నాను. పాదాలు నేల విడిచినప్పటి నుంచి మళ్లీ తాకేదాకా 0.57 సెకను వచ్చిందనుకుందాం. దాని వర్గాన్ని 1.226తో గుణిస్తే ఎత్తు వస్తుంది: 0.40 మీటరు. అంటే నేల విడిచే క్షణంలో మీ వేగం సెకనుకు 2.8 మీటర్లు.

ఇక ఈ వారం ప్రశ్న. భుజాల మీద బార్‌బెల్‌తో గుంజీలు తీస్తే (బడిలో చెవులు పట్టుకుని తీసినవే, బరువు మాత్రమే కొత్త) జంప్ పెరుగుతుందా?

60 కిలోల మనిషిని తీసుకుందాం. ఆ వేగాన్ని 0.3 సెకనులో తెచ్చుకోవాలంటే పాదాలు నేలను సగటున 117 కిలోల బరువంత బలంతో తొక్కాలి. అదే మనిషి 60 కిలోల బార్‌తో నెమ్మదిగా లేస్తే నేల మీద పడేది 120 కిలోలు. బలం దాదాపు ఒకటే! తేడా మరెక్కడో ఉంది.

ముల్లు ఉన్న బరువు యంత్రం దొరికితే దాని మీద ఒట్టి గుంజీ తీసి చూడండి. యంత్రం మీద మాత్రం ఎగరకండి. లేవడం మొదలుపెట్టగానే ముల్లు 60 దాటుతుంది. నిటారుగా నిలబడబోతుండగా 60 కన్నా కిందికి జారుతుంది. పాదాలు నేల మీదే ఉండాలి కాబట్టి, తెచ్చుకున్న వేగాన్ని మీరే చంపేస్తున్నారు. ఆ జారడమే బ్రేకు. జంప్‌లో ఆ అవసరం లేదు, దాదాపు చివరిదాకా తొక్కుతూనే ఉంటారు.

పైగా కండరం ఎంత వేగంగా కుదించుకుంటే అంత తక్కువ బలం ఇస్తుంది. బ్రిటన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎ.వి. హిల్ 1938లోనే దీన్ని సూత్రీకరించాడు. నిదానంగా లేచే బలమంతా ఆ 0.3 సెకనులో అక్కరకు రాదు.

మరి జంప్‌కు దగ్గరి చుట్టం ఏది? స్నాచ్, అంటే బార్‌ను నేల మీంచి ఒక్క ఊపులో తల పైకి ఎత్తడం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 110 కిలోలు ఎత్తిన పద్ధతి అదే. బార్ తొడల పైభాగానికి చేరగానే తుంటి, మోకాలు, చీలమండ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. వేగాన్ని ఆపరు, బార్‌కే ఇచ్చేస్తారు. అయితే గురువు లేకుండా ఇంట్లో నేర్చుకునే విద్య కాదది. కొత్తవారికి గుంజీలే మేలు, జంప్ సాధన మానకుండా.

ఈ వారం అభ్యాసం: చేతికొక 3 కిలోల డంబెల్ పట్టుకుని, చేతులు ఊపకుండా ఐదుసార్లు ఎగరండి. తర్వాత ఒట్టి చేతులతో, అలాగే ఊపకుండా, మరో ఐదు. పది సమయాలూ రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో వాటితోనే పని.