బీచ్ టెన్నిస్‌తో వచ్చిన మోచేతి నొప్పి నాకెలా తగ్గిందంటే

సూర్యలంకలో వరసగా నాలుగు ఆదివారాలు బీచ్ టెన్నిస్ ఆడాను. ఐదో వారం గుంటూరులో మా ఇంట్లో నీళ్ల చెంబు ఎత్తబోతే, మోచేతి బయటి ఎముక దగ్గర సూదితో పొడిచినట్టయింది. ఈ ఆటలో బంతి ఇసుకను తాకకముందే కొట్టాలి. బ్యాటుకు తీగలుండవు, చిల్లులున్న గట్టి పలక. ప్రతి దెబ్బకూ పిడి బిగించి పట్టుకునేవాణ్ణి, అక్కడే వచ్చింది చిక్కంతా.

"టెన్నిస్ ఎల్బో అండీ, మణికట్టును పైకెత్తే కండరాల టెండన్, అంటే వాటిని ఎముకకు కలిపే పట్టీ, దెబ్బతింది" అన్నారు ఫిజియో. అంతకుముందే బామ్ రాసి రెండు వారాలు ఆగి చూశాను. మళ్లీ బ్యాటు పట్టగానే నొప్పి తిరిగొచ్చింది.

పనిచేసింది అర లీటరు నీళ్ల సీసా. నొప్పి ఉన్న చెయ్యి, నాకైతే కుడిది, సీసా పట్టుకుని ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు బల్ల అంచు దాటి బయటికి, అరచెయ్యి కిందికి ఉంచాలి. సీసాను ఎడమచేత్తో సాయంపట్టి పైకి తెచ్చి, కుడిచేత్తో ఐదు లెక్కపెడుతూ మెల్లగా దించాలి. రోజూ పదిహేనేసి చొప్పున మూడుసార్లు చేశాను. కాస్త నొప్పి ఉన్నా పర్లేదు. మర్నాటికి పెరిగితే మాత్రం సీసాలో నీళ్లు తగ్గించేవాణ్ణి. కూరగాయల సంచీ కూడా అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకున్నాను.

మూడో నెలలో మళ్లీ ఆడాను, అరగంటే. పిడి వదులుగా పట్టుకున్నాను. వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం సీసా పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించండి.