పెళ్లి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే

పాత వీహెచ్ఎస్ పెళ్లి క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే రంగులు పోయి నలుపు తెలుపులో వస్తోందా? దీనికోసం కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనక్కర్లేదు. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులు పట్టే మామూలు యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం (క్యాసెట్ వీడియోని కంప్యూటర్‌కి అందించేది) చాలు. హెచ్‌డీఎంఐ రకం మాత్రం తీసుకోకండి, పాత వీసీఆర్‌కి (క్యాసెట్ ప్లేయర్) నేరుగా కలవదు.

క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా వీడియో పద్ధతి) ఉంటే పాల్‌కి (మన దేశపు పద్ధతి) మార్చండి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు. రంగులు వచ్చేస్తాయి. అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్ అయితేనే ఎన్‌టీఎస్‌సీ. పరికరాన్ని యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టండి. ఎంపెగ్-2 అనే వీడియో ఫార్మాట్‌లో బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) 8 ఎంబీపీఎస్ పెడితే గంటకు సుమారు 3.6 జీబీ అవుతుంది, మూడు గంటల క్యాసెట్‌కి 11 జీబీ ఖాళీ చూసుకోండి.

టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం అస్సలు ప్లే చేయొద్దు. వీసీఆర్ హెడ్ పాడవుతుంది, టేపూ తెగొచ్చు. ముందు శుభ్రం చేయించండి.