ఎండకు వాలిపోతున్న క్లెమాటిస్ ఎలా నిలదొక్కుకుంది

నర్సరీ నుంచి తెచ్చిన క్లెమాటిస్ అనే పూల తీగ హైదరాబాద్ మార్చి ఎండకే మధ్యాహ్నానికల్లా వాలిపోయేది. మట్టి తడిగానే ఉంది, కుండీ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడి. ఈ తీగకు తల వెలుతురులో, వేళ్లు చల్లగా ఉండాలి. అందుకే పొద్దుటి ఎండ మాత్రమే తగిలే తూర్పు గోడ పక్కన, సాయంత్రం పూట నేలలో నాటాను. కుండీలో ఉన్నదానికంటే 5 నుంచి 8 సెంటీమీటర్లు లోతుగా, కింది కణుపులు మట్టిలోకి వెళ్లేలా పెట్టాను. పైన కాండం ఎండిపోయినా ఆ కణుపుల నుంచి మళ్లీ చిగురు రావచ్చు. నాకు అదే పెద్ద ధైర్యం. మొదలు చుట్టూ కొబ్బరి పీచు పరిచాను, కాండానికి ఆనకుండా. పైమట్టి ఆరాకే నీళ్లు, అదీ నిండుగా. ఇది ఆకు కాడలతో చుట్టుకుని పాకుతుంది, లావు కర్రను పట్టుకోలేదు కాబట్టి సన్నని పురికొస కట్టాను. వాలడం ఆగింది, కొత్త చిగుళ్లు పురికొస పట్టుకుంటున్నాయి.