ఇంటికి ఫైబర్ వచ్చింది, మరి స్పీడ్ ఎక్కడ ఆగిపోతోంది?

ఖమ్మంలో ఫైబర్ కనెక్షన్లు వేయడం, లైన్ పోతే వెళ్లి సరిచేయడం నా పని. ఫోన్‌లో నేను ఎక్కువగా వినే మాట ఒకటే: "100 ఎంబీపీఎస్ ప్లాన్ కట్టాం, 30 కూడా రావట్లేదు. పెద్ద ప్లాన్ వేసేయండి." వేసేస్తే కంపెనీకి లాభమే. కానీ ఆగిపోతున్న చోటు తెలుసుకోకుండా ప్లాన్ పెంచితే, నెలనెలా డబ్బు పోతుందే తప్ప మీ గదిలోకి స్పీడ్ రాదు. ఆ చోటు మీ అంతట మీరే పట్టుకోవచ్చు. కంప్యూటర్‌ని నెట్ బాక్స్‌కి కలిపే లాన్ వైరు ఒకటి, ఒక ల్యాప్‌టాప్, కాస్త ఓపిక ఉంటే చాలు.

అన్నిటికంటే ముందు, వచ్చింది నిజంగా ఫైబరేనా చూడండి. మీ బాక్స్ (వైఫై ఇచ్చే రౌటర్) వెనక్కి వచ్చే వైరు సన్నగా ఉండి, చివర చిన్న చదరపు ప్లగ్, ఎక్కువగా ఆకుపచ్చది, ఉందంటే గాజు తీగ మీ ఇంటిలోపలిదాకా వచ్చినట్టు. అలా కాకుండా వేలెడు లావు లేని బూడిదరంగు లేదా నీలం వైరు, చివర పారదర్శకమైన క్లిప్పు ఉంటే అది లాన్ వైరు. అంటే ఫైబర్ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో మెట్ల దగ్గరి డబ్బాలోనో ఆగిపోయింది. ఇది మోసమని అనను. లాన్ వైరు 100 మీటర్ల వరకు బాగానే పనిచేస్తుంది. కానీ ఆ డబ్బాలో నెట్‌ని ఇళ్లకి పంచే స్విచ్ అనే పెట్టెకి కరెంటు కావాలి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కింద కరెంటు పోయి బ్యాకప్ లేకపోతే నెట్ పోతుంది. స్విచ్ పాతదైతే 100 దాటి ఇవ్వదు కూడా. అందుకే కనెక్షన్ తీసుకునే రోజే అడగండి: "ఫైబర్ నా ఇంట్లో బాక్స్ దాకా వస్తుందా, కిందే ఆగుతుందా?"

ఇప్పుడు అసలు విషయం. ఫైబర్ అంటే స్పీడ్ కాదు, దారి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబరులో మొదలుపెట్టిన ఫైబర్‌నెట్ గుర్తుందా? 149 రూపాయల ప్లాన్‌లో టీవీ, ఫోన్‌తో పాటు 15 ఎంబీపీఎస్ నెట్ ఇచ్చారు. కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ లాగింది ఫైబరే. ఇవాళ పక్క వీధిలో 300 ఎంబీపీఎస్ తీసుకున్నవాళ్ల ఇంటికి వెళ్లే గాజు తీగ కూడా ఆ జాతిదే. తేడా అంతా ఆపరేటర్ ఆఫీసులో మీ పేరు మీద పెట్టిన స్పీడ్ హద్దులో ఉంది.

ఆ తీగ మీ ఒక్కరిదీ కాదు. మన దగ్గర ఇళ్లకు ఎక్కువగా వాడేది జీపాన్ పద్ధతి, అంటే ఒకే తీగని చాలా ఇళ్లకు పంచడం. ఆపరేటర్ దగ్గరున్న ఓఎల్‌టీ అనే పెట్టెలో ఒక పోర్టు నుంచి బయలుదేరిన వెలుగు, దారిలో స్ప్లిటర్ దగ్గర చీలి 32 ఇళ్లకో 64 ఇళ్లకో వెళ్తుంది. ఆ పోర్టు మొత్తానికి కిందికి (డౌన్‌లోడ్) దాదాపు 2.5 జీబీపీఎస్, అంటే 2500 ఎంబీపీఎస్, పైకి (అప్‌లోడ్) 1.25 జీబీపీఎస్. 32 ఇళ్లవాళ్లూ 100 చొప్పున ఒకేసారి పూర్తిగా లాగితే 3200 అవుతుంది, అంటే సరిపోదు. కానీ అందరూ ఒకే క్షణాన పూర్తిగా లాగరు కాబట్టి నడిచిపోతుంది. ఇబ్బంది ఎక్కువగా ఆ తర్వాతి మెట్టు మీద వస్తుంది: ఆపరేటర్ తన ఊరి మొత్తానికి పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్ తక్కువైతే, రాత్రి 8 నుంచి 11 దాకా అందరికీ నత్తనడకే. దీన్ని పట్టుకోవడం తేలిక. బాక్స్‌కి లాన్ వైరు పెట్టి పొద్దున 6కి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి టెస్ట్ చేయండి. పొద్దున 95, రాత్రి 30 వస్తే తప్పు ఆపరేటర్ వైపే. అప్పుడు ప్లాన్ పెంచడం శుద్ధ దండగ, ఆపరేటర్‌నే నిలదీయాలి.

టెస్ట్ కూడా ఒక్కదానితో ఆపకండి. స్పీడ్‌టెస్ట్ యాప్ మామూలుగా మీకు దగ్గరి సర్వర్‌ని ఎంచుకుంటుంది, చాలాసార్లు అది మీ ఆపరేటర్‌దే అయి ఉంటుంది. అక్కడ అంకె బాగా వచ్చినా అసలు వాడకంలో రాకపోవచ్చు. సర్వర్‌ని ముంబైకో చెన్నైకో మార్చి చూడండి. ఫాస్ట్ డాట్ కామ్‌లో కూడా చూడండి, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది.

ఇంకో తికమక యూనిట్లది. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కంప్యూటర్ చూపించేది ఎక్కువగా మెగాబైట్లు. 8 బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల దగ్గర దిగుతుంటే, మీకు పూర్తి స్పీడ్ వస్తున్నట్టే. ఒక జీబీ సినిమాకి నిమిషంన్నర లోపే.

ఇక ఇంటి లోపలికి వద్దాం. నా అనుభవంలో గొడవ ఎక్కువగా ఇక్కడే.

వైరా రోడ్డు వైపు ఒక రిటైర్డ్ టీచర్ గారి రెండంతస్తుల ఇల్లు. వాళ్లబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మనవరాలి మొహం ముక్కలు ముక్కలై ఆగిపోతోందని, 300 ప్లాన్ వేయమని పిలిచారు. బాక్స్ కింది హాల్లో, పెద్ద టీవీ వెనకాల గోడకి ఆనుకుని ఉంది. సార్ కూర్చునేది పైగదిలో. ల్యాప్‌టాప్‌ని బాక్స్‌కి వైరుతో కలిపితే 94 వచ్చింది. "లైన్‌లో ఏ తప్పూ లేదు సార్" అన్నాను. "మరి నాకెందుకు రావట్లేదు బాబూ?" అంటూ ఫోన్ నా చేతికిచ్చారు. పైకెళ్లి ఆయన కుర్చీలోనే కూర్చుని చూశాను: 11. పైకి వెళ్లేది, అంటే అప్‌లోడ్, 3. మనవరాలికి తాతగారు కనిపించాలంటే కావలసింది ఆ అప్‌లోడే. మధ్యలో ఒక కాంక్రీటు స్లాబు, రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. కరెంటు పైపులోంచి కాకుండా కిటికీ పక్కనుంచి లాన్ వైరు పైకి లాగి, అక్కడ వైఫై ఇచ్చే చిన్న యాక్సెస్ పాయింట్ పెట్టాను. అదే కుర్చీలో 88 వచ్చింది. ప్లాన్ మార్చలేదు. ఒక్కసారి ఖర్చు, అంతే.

వైఫై గురించి ఈ నాలుగు సంగతులు తెలిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. ఇప్పటి బాక్సులు చాలావరకు రెండు వైఫైలు ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది గానీ నెమ్మది. ఒకదానికొకటి అడ్డుపడని చానళ్లు అందులో మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ల బాక్సులూ ఆ మూడింటి మీదే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం, కానీ ఒక గోడ దాటేసరికి నీరసపడుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల సెట్టింగ్స్‌లో మీ వైఫై పేరు మీద నొక్కితే లింక్ స్పీడ్, అంటే ఫోన్‌కీ బాక్స్‌కీ మధ్య వేగం, కనబడుతుంది. అక్కడ 72 అని ఉంటే, ప్లాన్ 100 అయినా 1000 అయినా ఆ ఫోన్‌కి వచ్చేది అందులో సగం కాస్త అటూ ఇటూ. అదే గదిలో 5 మీదికి మారిస్తే 433 అనో 866 అనో చూపిస్తుంది. బాక్స్‌ని బీరువా మీదా టీవీ వెనకా కాకుండా, ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, బయటికి కనబడేలా పెట్టండి. అందంగా లేదని ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు, నాకు తెలుసు. అయినా పట్టుబట్టండి.

200, 300 ప్లాన్ తీసుకుని వైరు పెట్టినా సరిగ్గా 94, 95 దగ్గర ఆగిపోతుంటే, అది యాదృచ్ఛికం కాదు. దారిలో ఎక్కడో 100 పోర్టు ఉంది. పాత రౌటర్ కావచ్చు, ల్యాప్‌టాప్ పోర్టు కావచ్చు, వైరే కావచ్చు. లాన్ వైరు లోపల 8 తీగలుంటాయి. 100కి నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. ఆ మిగతా నాలుగింట్లో ఒక్క తీగ క్లిప్పులో సరిగ్గా కూర్చోకపోయినా, దాన్ని ఎలుక కొరికినా, లైన్ నోరెత్తకుండా 100కి దిగిపోతుంది. వైరు మార్చి చూడండి, చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

గాజు తీగ సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. మా చేతిలో ఉండే పవర్ మీటర్‌లో వెలుగు ఎంత వస్తోందో మైనస్ అంకెల్లో కనబడుతుంది. మైనస్ 18 నుంచి 24 మధ్య ఉంటే నేను నిశ్చింతగా డబ్బా మూసేస్తాను. మైనస్ 27 దగ్గరకి వచ్చిందంటే అంచు మీద ఉన్నట్టు. ప్రతి 3 పడిపోతే వెలుగు సగం అయినట్టు లెక్క. ఇక్కడ చాలామంది పొరబడతారు: మైనస్ 19 ఉన్న ఇంటికీ 23 ఉన్న ఇంటికీ స్పీడ్ ఒకటే. వెలుగు తగ్గితే స్పీడ్ మెల్లమెల్లగా తగ్గదు. బాగా నడుస్తుంది, లేదా మాటిమాటికీ తెగిపోతుంది. అందుకే "నెట్ స్లో" అన్నదీ "నెట్ పోయి వస్తోంది" అన్నదీ నాకు రెండు వేర్వేరు కంప్లయింట్లు. ఫోన్ చేసినప్పుడు ఆ తేడా చెప్పండి. బాక్స్ మీద LOS అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగిందంటే వెలుగే రావట్లేదు. బాక్స్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, బయట వైరు తెగి ఉంటుంది. మా మార్కెట్ దారిలో మిర్చి, పత్తి లోడు ఎత్తుగా వేసుకొచ్చే లారీలకి, కోతులకి ఆ వైర్లంటే లెక్కే లేదు. ఇంటిలోపల మాత్రం ఆ సన్న తీగని మేకుకి చుట్టకండి, తలుపు సందులో నలగనివ్వకండి, ప్లగ్ మొనని వేలితో తాకకండి.

విదేశాల్లో పిల్లలున్నవాళ్లకి ఒక మాట. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మనకీ డల్లాస్‌కీ మధ్య 14 వేల కిలోమీటర్ల పైనే. తిన్నగా వెళ్లొచ్చినా సెకనులో ఏడో వంతు పడుతుంది, సముద్రం కింది కేబుళ్లు తిన్నగా వెళ్లవు కాబట్టి ఇంకా ఎక్కువ. ఆ కాస్త ఆలస్యం వెయ్యి ఎంబీపీఎస్ తీసుకున్నా పోదు. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు, ఇక్కడి లైన్లన్నీ బాగున్నా బయటి దేశాల సైట్లు మందగించాయి.

ఎంత ప్లాన్ కావాలి? 4కే సినిమాకి 15 నుంచి 20 ఎంబీపీఎస్, హెచ్‌డీకి 5, వీడియో కాల్‌కి పైకీ కిందికీ 4 ఉంటే చాలు. నలుగురున్న ఇంటికి 100 సుఖంగా సరిపోతుంది. పెద్ద పెద్ద ఫైళ్లు పంపే పని ఉంటే తప్ప 100 దాటి వెళ్లకండి. డబ్బు కట్టేముందు మాత్రం అడగాల్సినవి అడగండి. అప్‌లోడ్ కూడా అంతే ఇస్తారా? నెలకి ఎన్ని జీబీల తర్వాత స్పీడ్ తగ్గుతుంది, ఎంతకి తగ్గుతుంది? అన్‌లిమిటెడ్ అన్న చాలా ప్లాన్లకి 3300 జీబీ గీత ఉంటుంది. 499 అన్నదానికి 18 శాతం జీఎస్టీ కలిపితే 588 రూపాయల 82 పైసలు. ఇంటి సీసీ కెమెరాలని బయటనుంచి నేరుగా చూడాలంటే పబ్లిక్ ఐపీ, అంటే బయటనుంచి మీ లైన్‌ని నేరుగా చేరే అడ్రసు, ఇస్తారేమో కూడా కనుక్కోండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా, వైరు పెట్టి కొలిచినా స్పీడ్ రాకపోతే, టెస్ట్ స్క్రీన్‌షాట్లు తారీఖు, టైముతో సహా దాచుకుని కస్టమర్ కేర్‌కి కంప్లయింట్ చేయండి. మాటతో వదలకండి, డాకెట్ నంబరు, అంటే కంప్లయింట్ నంబరు, అడిగి రాసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, ఆ నంబరుతోనే అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. దానికి ఫీజు ఏమీ ఉండదు.