మామిడి పులుపు మరిచాకే మార్కులు

బ్యాంకు పరీక్షకు చదివేటప్పుడు నన్ను ముంచింది ఈ ప్రశ్నే: మామిడికాయలన్నీ కాయలు, కొన్ని కాయలు పుల్లగా ఉంటాయి, కాబట్టి కొన్ని మామిడికాయలు పుల్లగా ఉంటాయి. ఏటా ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినవాడిని, తడుముకోకుండా 'సరైనదే' అని గుర్తు పెట్టేశాను. తప్పు! ఆ పుల్లటివన్నీ చింతకాయలే కావచ్చు. నాకు తెలిసిన నిజం వేరు, ఇచ్చిన వాక్యాల నుంచి తేలేది వేరు.

అప్పటినుంచి మామిడికాయలు, కాయలు, పుల్లటివి అంటూ ఒక్కో గుంపుకు ఒక్కో వృత్తం గీసి, ఇచ్చిన వాక్యాలు నిజంగానే ఉంటూ ముగింపును అబద్ధం చేసే బొమ్మ ఒక్కటైనా కుదురుతుందా అని వెతుకుతున్నాను. కుదిరితే వాదన చెల్లదు.

తిరగేసిన వాదనల దగ్గర మాత్రం చాలాకాలం తడబడ్డాను. అక్కడ ఆదుకున్నది మన తర్కశాస్త్రపు పాత ఉదాహరణ: కొండమీద పొగ ఉంది కనుక నిప్పు ఉందనవచ్చు, నిప్పు ఉంది కనుక పొగ ఉందనలేం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పే తప్ప పొగ ఉండదు. ఇప్పుడు ప్రశ్నలో 'ఇలా అయితే అలా' అనే షరతు కనబడగానే ఆ గుండే గుర్తొస్తుంది.