ముప్పైమంది చుట్టాలతో ఇంట్లో క్రిస్మస్: ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

మా ఊరు కందుకూరుకు దగ్గర. మా నాయన వాళ్ళు నలుగురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్ళు కావడంతో, పిల్లాజెల్లాతో కలిపి ముప్పైమందికి పైగా ఒకే ఇంట్లో చేరి క్రిస్మస్ చేసుకోవడం మాకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. ఒక ఏడాది 24వ తేదీ రాత్రి వసారాలో కుటుంబ ప్రార్థన జరుగుతుండగా నేను మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడి, తలమీద కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, ఒక చేత్తో గరిటె తిప్పుతూనే, వసారాలోంచి వినవస్తున్న ప్రార్థనకు మెల్లగా ‘ఆమెన్’ అంటూ ఉంది. నెల రోజులుగా ఆ పండుగకు పాటుపడిన మనిషికి ఆ చాపమీద చోటు లేకపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఏర్పాట్లన్నీ ఒకే లెక్క మీద నడుస్తున్నాయి: 24వ తేదీ రాత్రి ఏడు గంటలకు పొయ్యిలన్నీ ఆర్పి ఉండాలి, ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ ప్రార్థనలో కూర్చోవాలి. ఆ ఏడు గంటలనుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ పోతే ఏ పని ఎప్పుడు ముగియాలో తెలిసిపోతుంది.

మొదట తేలవలసినవి వచ్చేవాళ్ళ లెక్క, ఖర్చు. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కనుక, డిసెంబరు 23న బయలుదేరేవాళ్ళకు అక్టోబరు 24 నాటికే టికెట్లు తెరుచుకుంటాయి. చెన్నై నుంచి విజయవాడకు పోయే దారిలో నెల్లూరు, కావలి, ఒంగోలు ఉన్నాయి కాబట్టి బండ్లకు కొదవ లేదు గానీ, పండుగ ముందు రెండు రోజులూ బెర్తులు దొరకవు. అందువల్ల దసరా సెలవుల్లోనే పెదనాన్న అందరికీ ఫోను చేసి, ఎవరు ఎన్ని రోజులు ఉంటారో కాగితం మీద రాసుకుంటారు. ఖర్చు విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. అన్నదమ్ముల సంపాదన ఒకేలా ఉండదు కనుక తలా ఇంత అని సమానంగా పంచడం మంచిది కాదు. ఎవరు ఎంత ఇవ్వగలరో వాళ్ళు పెద్దవాళ్ళ చేతికి విడిగా ఇవ్వాలి, ఆ అంకెలు నలుగురిలో చదవకూడదు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల దగ్గర మేము డబ్బు తీసుకోము, వాళ్ళకు చీరలు మేమే పెడతాము. బట్టలు కుట్టించదలచినవాళ్ళు నవంబరు ఆఖరులోగా దర్జీకి ఇచ్చేయాలి, ఆ తరువాత ఇస్తే 24వ తేదీ సాయంత్రం దర్జీ కొట్టు ముందు కాపు కాయవలసి వస్తుంది.

డిసెంబరు మొదటి వారంలో నక్షత్రం కట్టాలి. బజారులో దొరికే ప్లాస్టిక్ నక్షత్రం తెచ్చి తగిలించినా తప్పులేదు గానీ, పిల్లలు చేతులారా కట్టినదానికి ఉండే విలువ వేరు. సమాన పొడవున్న పది వెదురు బద్దలు తీసుకుని, ఐదేసి బద్దలతో రెండు ఐదుకోణాల చట్రాలు కట్టాలి. కొసలనూ బద్దలు ఒకదానినొకటి దాటే చోట్లనూ పురికొసతో బిగించాలి. తరువాత రెండు చట్రాలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి కట్టి, లోపలి ఐదు కూడళ్ళలో జానెడు పుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బెత్తుగా నిలుస్తుంది. దానిపై రంగు కాగితం మైదాపిండి జిగురుతో అంటించి, ఒక కోణం మాత్రం బల్బు మార్చుకోవడానికి తెరిచి ఉంచాలి. పాతకాలపు వేడి బల్బు పెడితే కాగితం కమిలిపోయి అంటుకునే ప్రమాదం ఉంది, అందుచేత చిన్న ఎల్‌ఈడీ బల్బు వాడడం మేలు. మన జిల్లాల్లో డిసెంబరు మంచు కాగితాన్ని తడిపేస్తుంది, తుఫానుల కాలం కూడా ఇదే. 2023లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినది డిసెంబరు 5వ తేదీనే. కనుక నక్షత్రంపైన పల్చని ప్లాస్టిక్ కవరు తొడగడం, ఇంటి ముందు గుడ్డ షామియానాకు బదులు రేకుల పందిరో టార్పాలినో వేయించడం మరచిపోకూడదు.

పిండివంటలకు 18 నుంచి 21వ తేదీ వరకు కేటాయించుకోవాలి. జంతికలు, రవ్వలడ్లు ఎవరైనా చేయగలరు. అరిసెలకు మాత్రం చెయ్యి తిరిగిన మనిషి కావాలి, మా ఇంట్లో ఆ మనిషి మా మేనత్త. ఆమె పద్ధతి ఇది. లావు బియ్యం ఒక రోజంతా నానబెట్టి, మధ్యలో నీళ్ళు మార్చి, వడకట్టి, గుడ్డమీద కాసేపు మాత్రమే ఆరబెట్టాలి. తడి ఉండగానే మరపట్టించిన పిండిని పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, పొడిగా రాలిపోతే ఆ పిండి అరిసెకు పనికిరాదు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చొప్పున పాకం పట్టి, గిన్నెలోని చన్నీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ రావాలి. ఆ క్షణంలో దించి, నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి పోస్తుండగా ఇంకొకరు ఆపకుండా కలపాలి. పాకం ఒక నిమిషం ముదిరినా అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. అందుకే పాకం వేళ మేనత్త ఎవరినీ మాట్లాడనివ్వదు. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య నొక్కి, పూర్తిగా చల్లారాకనే డబ్బాలో పేర్చాలి. పండుగనాడు పొరుగువాళ్ళకు పంపవలసినవి, ఊళ్ళకు తిరిగి వెళ్ళేవాళ్ళకు కట్టి ఇవ్వవలసినవి అప్పుడే వేరు డబ్బాల్లో సర్దేస్తే తరువాత చేతులు తడుముకోనక్కరలేదు.

ఏడు గంటల లెక్క నిలబడాలంటే 24, 25 తేదీల వంటను తెలివిగా విడదీయాలి. ఈ విషయంలో నెల్లూరు చేపల పులుసు చేసే మేలు ఇంతా అంతా కాదు, ఎందుకంటే అది వండిన నాటికంటే మరునాడే రుచి. 24వ తేదీ ఉదయమే చేపలు తెచ్చి, మధ్యాహ్నానికల్లా మట్టిచట్టిలో పులుసు కాచి దించేయవచ్చు. డిసెంబరులో పచ్చిమామిడి దొరకడం కష్టం కనుక చింతపులుపే కాస్త చిక్కగా పోసుకోవాలి. ముక్క చిదగకుండా గరిటె పెట్టక, చట్టి అంచులు పట్టి తిప్పాలి. మరునాడు ఉదయం ఒకసారి మరగనిస్తే చాలు. మధ్యాహ్నపు బిర్యానీ మాత్రం వంటమాస్టరుకు అప్పగించండి. ముప్పైమందికి నాలుగు కిలోల బియ్యం, ఐదారు కిలోల మాంసం సరిపోతాయి. ఆ కూలి డబ్బు ఇంటి ఆడవాళ్ళందరినీ ఆరాధనకు పంపే డబ్బు, దానిలో పొదుపు చూడకూడదు. బంధువుల్లో మాంసం తిననివాళ్ళు ఉంటే వాళ్ళ కూరగాయల పలావుకు గిన్నె, గరిటె, వడ్డించే మనిషి వేరుగా ఉండాలి.

24వ తేదీ రాత్రి ప్రార్థన గంట దాటకుండా చూసుకోవాలి, పసిపిల్లలు అంతకుమించి కూర్చోలేరు. మొదట ఒక కీర్తన, ఆపైన యెషయా 9వ అధ్యాయంలోని ప్రవచనం, లూకా సువార్త 2వ అధ్యాయంలోని గొల్లల వృత్తాంతం చదవాలి. చదివే పని పెద్దమనవళ్ళకు, మనవరాళ్ళకు అప్పగిస్తే పట్నంలో ఇంగ్లీషు బడికి పోయే పిల్లలు కూడా ఆ నెలంతా తెలుగు బైబిలు కూడబలుక్కుంటూ చదువుకుంటారు. ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా తలచుకోవాలి. చివరి ప్రార్థన ఇంట్లో అందరికంటే పెద్దవారు చేయాలి, వాళ్ళ గొంతు వణికినా సరే, ఆ వంతు ఇంకెవరికీ ఇవ్వకూడదు. భోజనానికి ఆ పూట ఇడ్లీ, పచ్చడి చాలు.

25వ తేదీ తెల్లవారుజామున అసలు చిక్కు స్నానాల దగ్గర వస్తుంది. రెండు స్నానాల గదులకు ముప్పైమంది అంటే, ఆరు గంటల ఆరాధనకు మూడున్నరకే నీళ్ళు కాగాలి. చీర కట్టుకోవలసినవాళ్ళు, ముసలివాళ్ళు ముందు, మగపిల్లలు చివర అని రాత్రే వరస చెప్పేయాలి. చర్చి నుంచి రాగానే పెద్దల కాళ్ళకు మొక్కడం, కేకు కోయడం, కొత్త బట్టలు చూసుకోవడం వాటంతటవే జరిగిపోతాయి. భోజనాలకు ముందే పిల్లల చేత పొరుగిళ్ళకు అరిసెలు, జంతికలు, కేకు ముక్క పళ్ళెంలో పెట్టి పంపండి. సంక్రాంతికి ఆ ఇళ్ళనుంచే మనకు అరిసెలు వస్తాయి. మాంసం తినని ఇంటికి పంపేటప్పుడు గుడ్డు వేయని కేకు ఎంచుకోవడం మర్యాద. భోజనంలో మొదటి బంతిలో పిల్లలు, వృద్ధులు కూర్చోవాలి. రెండో బంతిలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మగవాళ్ళు వడ్డించాలి. మొదటి ఏడాది మా చిన్నాయన ‘నాకు వడ్డించడం రాదు’ అన్నారు. ఇప్పుడు బిర్యానీ గరిటె ఆయన చేతిలోంచి ఎవరూ తీసుకోలేరు.

26వ తేదీ తిరిగి వెళ్ళే బండి సాయంత్రానిదైతే, పిల్లలను ఒంగోలు ప్రార్థన కొండకు తీసుకువెళ్ళండి. 1854 జనవరి 1వ తేదీన తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూవెట్ దొర, ఆయన భార్య కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఎక్కి ప్రార్థించిన కొండ అది. 1866లో ఒంగోలు వచ్చిన అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర, 1876–78 నాటి కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్న మన పల్లెల జనానికి కూలి చూపించారు. కూడు కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన జిల్లాల్లో ఎన్నో క్రైస్తవ కుటుంబాల కథ ఆ కాలువ గట్టునుంచి, ఆ ఏటి ఒడ్డునుంచి మొదలయింది కనుక, ఇంటి పెద్దల్లో ఎవరికైనా తమ ముత్తాతల సంగతి తెలిసి ఉంటే కొండమీద కూర్చున్నప్పుడు చెప్పించండి, ఫోనులో రికార్డు చేయండి. మా నాయనమ్మ చెప్పినదంతా రికార్డు చేయకముందే ఆమె వెళ్ళిపోయింది.

స్టేషనుకు బయలుదేరేముందు అరిసెల డబ్బాలు ఎవరివి వాళ్ళకు అందాయో లేదో మేనత్తే లెక్క చూస్తుంది. కిందటేడు మా చిన్నక్క డబ్బా వసారాలోనే మిగిలిపోతే, తమ్ముడు మోటారుసైకిలు మీద సింగరాయకొండ స్టేషను దాకా వెళ్ళి, బండి కదలకముందే కిటికీలోంచి అందించి వచ్చాడు.