కళ్ళ దురదకి ఐ డ్రాప్స్ వాడేటప్పుడు

కళ్ళు దురద పెడుతున్నాయని ఇంట్లో కనిపించిన చుక్కల మందు ఏదో ఒకటి వేసేసుకోకండి. ముందు సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, ఎందుకంటే ఒకేలా కనిపించే ఆ చిన్న సీసాల్లో ఒక్కోదాని పని ఒక్కోటి.

రెండు కళ్ళూ దురద పెడుతూ, నీళ్ళు కారుతూ, తుమ్ములు కూడా ఉంటే అది చాలావరకు ఎలర్జీయే. దానికి కీటోటిఫెన్, ఓలోపటడిన్ లాంటి యాంటీహిస్టమిన్ చుక్కలు (ఎలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్ అనే పదార్థాన్ని అడ్డుకునేవి) పనిచేస్తాయి. మామూలుగా రోజుకి రెండుసార్లు, కొన్ని రకాలు ఒక్కసారే, కాబట్టి మీ సీసా మీద ఏముందో అదే పాటించండి. దురద లేకుండా పొడిబారి మంటగా ఉంటే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ లాంటి కృత్రిమ కన్నీళ్ళు చాలు. ఎరుపు తగ్గించే చుక్కలు (నాఫజోలిన్ లాంటివి) రక్తనాళాలని కుదించి కన్ను తెల్లగా కనిపించేలా చేస్తాయి తప్ప ఎలర్జీని తగ్గించవు, పైగా రోజుల తరబడి వాడితే మానేయగానే ఎరుపు ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది.

అన్నిటికంటే నాకు భయం స్టెరాయిడ్ చుక్కల గురించే. డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్ అనే పేర్లు కనిపిస్తే డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు. వేయగానే హాయిగా ఉంటుంది, దురద మాయమవుతుంది, అందుకే జనం మళ్ళీ మళ్ళీ కొనుక్కుని వాడేస్తుంటారు. ఈలోపు లోపల కంటి ప్రెషర్ పెరిగిపోయి గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, శుక్లాలు రావచ్చు, గ్లకోమాతో పోయిన చూపు తిరిగి రాదు. గతంలో ఎవరికో రాసిచ్చిన సీసా మీరు వాడకూడదనేది కూడా ఇందుకే.

ఇక వేసే పద్ధతి. చేతులు సబ్బుతో కడుక్కోండి, మందు తెల్లగా మడ్డిగా ఉండే రకమైతే సీసా బాగా కలపండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పని వేలితో మెల్లగా కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది, పైకి చూస్తూ అందులో ఒక్క చుక్క వేయండి. సీసా మొన కంటికి గానీ రెప్పలకి గానీ తగలకూడదు, తగిలితే క్రిములు మందులోకి వెళ్తాయి. రెండో చుక్క అవసరం లేదు, ఒక చుక్కలో ఉన్న మందే కన్ను పట్టుకోగలిగినదానికంటే ఎక్కువ, మిగతాది చెంప మీదికి కారిపోతుంది. వేశాక టపటపా రెప్పలు కొట్టకుండా మెల్లగా కళ్ళు మూసుకుని, ముక్కు పక్కనున్న కంటి మూలని వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. అలా చేస్తే మందు ముక్కులోకి, గొంతులోకి జారకుండా కంట్లోనే ఉంటుంది, నోట్లో చేదు కూడా తగ్గుతుంది. ఇంకో రకం చుక్కలు వేయాలంటే కనీసం 5 నిమిషాలు ఆగాలి, ఆయింట్‌మెంట్ ఉంటే అది ఆఖర్న.

పిల్లలు కళ్ళు గట్టిగా మూసేసుకుంటే వాళ్ళతో పోట్లాడక్కర్లేదు: పడుకోబెట్టి, మూసిన కంటి లోపలి మూలలో చుక్క వేసి, నెమ్మదిగా కళ్ళు తెరవమంటే అదే లోపలికి వెళ్తుంది. ఏ వయసు నుంచి వాడొచ్చో మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.

కాంటాక్ట్ లెన్సులు తీసేసి చుక్కలు వేయాలి, మళ్ళీ పెట్టుకోవడానికి 15 నిమిషాలు ఆగండి. మందు చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌ని మెత్తటి లెన్సులు పీల్చుకుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నన్నాళ్ళూ అసలు లెన్సులు పెట్టుకోకపోవడమే నయం. సీసా తెరిచిన తేదీ దాని మీద పెన్నుతో రాయండి, చాలా రకాలు తెరిచాక 4 వారాలకి పారేయాలి, ఎక్స్‌పైరీ ఇంకా ఎంత దూరం ఉన్నా సరే.

దురద ఆగట్లేదని నలపకండి. నలిపితే ఇంకా హిస్టమిన్ విడుదలై దురద రెట్టింపవుతుంది, చల్లటి తడిగుడ్డ వేసుకుంటే ఎంతో ఉపశమనంగా ఉంటుంది.

నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, చిక్కటి పసుపు పుసులు, లేదా ఒక్క కన్నే బాగా ఎర్రబడటం ఉంటే చుక్కలతో ప్రయోగాలు ఆపి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, లెన్సులు వాడేవాళ్ళు మరీ ఆలస్యం చేయొద్దు. కంట్లో ఏదైనా కెమికల్ పడితే మాత్రం ఏ చుక్కలూ వెతక్కుండా వెంటనే మంచినీళ్ళతో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళాలి.